పక్షులు వాలే చెరువు, మనం తాగే నీరు

(గుంటూరు, ప్రకాశం ప్రాంతాల కుటుంబాలు, కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

హక్కుల సభ అనగానే మన మనస్సులో మెదిలే విషయాలు కొన్ని ఉన్నాయి. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉర్దూ పాఠశాలలు, ఖబ్రస్తాన్ల ప్రహరీ గోడలు. ఈనాడు మేము మాట్లాడదలచిన విషయం ఆ జాబితాలో లేనిది. ఊరి చివరనున్న డంపింగ్ యార్డును విస్తరించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ చుట్టుపక్కల వన్యప్రాణులు, పక్షులు ఏమున్నాయో ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, చూసి ఏమని రాస్తారు అన్నదే మా విషయం. ఇది అటవీశాఖ చూసుకోవలసిన పని కదా, మనకెందుకు అని కొందరికి తోచవచ్చు. అయితే ఆ నివేదికలోని ఒక్క వాక్యం మీద మన మంచినీళ్ల చెరువు భవిష్యత్తు ఆధారపడి ఉన్నదని మేము మనవి చేస్తున్నాము.

ఆ వాక్యం ఇలా ఉంటుంది: ఈ స్థలానికి సమీపంలో రక్షిత వన్యప్రాణి ప్రాంతమేదీ లేదు. చూడడానికి ఇది చిన్న వాక్యం. చాలాసార్లు చట్టం దృష్టిలో అది నిజం కూడా. కాని దానితో విచారణ ముగిసిపోవడం న్యాయం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందుగా మన నేలను ఒకసారి తలచుకోవాలి.

గుంటూరు నుంచి చిలకలూరిపేట, నరసరావుపేట, అద్దంకి, దర్శి మీదుగా మార్కాపురం దాకా సాగేది నల్లరేగడి మైదానం. పత్తికి, మిరపకు పేరుపడిన నేల. ఈ పత్తితో మన సమాజానికి పాత బంధుత్వం ఉన్నది. దూదిని ఏకి పరుపులు కుట్టి బతికిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు ఈ ఊళ్లన్నిటా ఉన్నాయి. మైదానానికి పడమటి అంచున నల్లమల. అక్కడ నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రంగా ఉన్నది. తూర్పు అంచున సముద్రతీరంలో కృష్ణా అభయారణ్యపు మడ అడవులు. ఈ రెండు కొసల మధ్య, మనం బతికే మైదానంలో, ప్రభుత్వ పటం మీద ఆకుపచ్చ రంగు దాదాపు కనబడదు. కనుక ఇక్కడ వన్యప్రాణులే లేవని పటం చూసినవారికి అనిపిస్తుంది.

కాని గుంటూరుకు కూతవేటు దూరంలో, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు ఉన్నది. కొద్ది ఎకరాల ఊరి చెరువు. ఆ చెరువు మధ్యనున్న చెట్ల మీద, మనుషులు కట్టిపెట్టిన మంచెల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తలు తినే చీలుముక్కు కొంగలు, నీటికాకులు వేల సంఖ్యలో చేరి గూళ్లు కట్టుకొంటాయి. గూడబాతు ప్రపంచంలోనే తక్కువ చోట్ల పిల్లలను లేపే పక్షి. మన రాష్ట్రంలో అది గూళ్లు పెట్టే ప్రసిద్ధ స్థలం నెల్లూరు వైపున్న నేలపట్టు. అది 1976 నుంచి అభయారణ్యం. ఉప్పలపాడుకు అంతటి చరిత్ర లేదు. ఆ చెరువును కాపాడుతూ వచ్చినది ముందుగా ఆ ఊరి ప్రజల మనసు. పక్షిని కొట్టరాదు, గూడును కదపరాదు అన్న కట్టుబాటు ఆ ఊరు తనకు తానుగా పెట్టుకొన్నది.

ఉప్పలపాడు పేరు పదిమందికి తెలిసింది. పేరు తెలియని చెరువులు ఈ మైదానంలో ఎన్నో ఉన్నాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి ఈ ప్రాంతపు జీవితం మారిపోయింది. భూగర్భజలం ఉప్పగానో, ఫ్లోరైడుతోనో ఉన్న ఊళ్లు కాలువ నీటితో చెరువు నింపుకొని వేసవి అంతా ఆ నీళ్లే తాగుతున్నాయి. పక్షి వాలేది ఆ చెరువు మీదనే. చేప, కప్ప, నత్త ఉండేది ఆ నీటిలోనే. అంటే మన మైదానంలో వన్యప్రాణి ఆవాసం అన్నది ఎక్కడో అడవిలో ఉన్న వేరే స్థలం కాదు. అది మన బిందె ముంచుకొనే చెరువే. పక్షికి హాని కలిగించే నీరు మన బిడ్డకు మేలు చేయదు. ఈ ఒక్క సంగతిని గట్టిగా పట్టుకొంటే తక్కిన వాదమంతా సులభమవుతుంది.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాము.

2006 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం వెలువరించిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, పట్టణాల ఉమ్మడి ఘన వ్యర్థాల కేంద్రాలకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. సాధారణంగా ఆ అనుమతి రాష్ట్ర స్థాయిలో ఇస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించిన రక్షిత ప్రాంతానికి దగ్గరలో స్థలం ఉంటే పరిశీలన కేంద్ర స్థాయికి వెళ్లాలి. మొదట ఆ దూరం 10 కిలోమీటర్లు. 2014లో దానిని 5 కిలోమీటర్లకు తగ్గించారు. కనుక సమీపంలో రక్షిత ప్రాంతమేదీ లేదన్న వాక్యం ఊరికే రాసినది కాదు. ఆ ప్రతిపాదనను ఎవరు, ఎంత లోతుగా పరిశీలిస్తారో అదే నిర్ణయిస్తుంది.

మరొకటి ఉన్నది. 2017 నాటి చిత్తడి నేలల నియమావళి చెరువులను, మడుగులను కాపాడడానికి వచ్చినదే. అయితే తాగునీటి కోసం, సేద్యం కోసం మనుషులు తవ్వుకొన్న చెరువులను ఆ నియమావళి చిత్తడి నేల అన్న నిర్వచనం నుంచి మినహాయించింది. మన ప్రాంతంలో చెరువు అంటే మనుషులు తవ్వుకొన్నదే. ఫలితం ఏమైనది? వేల పక్షులు వాలే చెరువు అభయారణ్యం కాదు, చట్టం దృష్టిలో చిత్తడి నేల కూడా కాదు. రెండు జాబితాల మధ్యనున్న సందులో అది జారిపోయింది.

అలాగని చట్టం పూర్తిగా చేతులెత్తేసిందా? లేదు. మన పక్షాన నిలిచే అంశాలు మూడు ఉన్నాయి.

మొదటిది, వన్యప్రాణి చట్టం స్థలాన్ని మాత్రమే కాదు, ప్రాణిని కూడా కాపాడుతుంది. నెమలి, ఉడుము ఆ చట్టపు ఒకటో షెడ్యూలులో ఉన్న జీవులు. అవి అభయారణ్యంలో ఉన్నా, మిరప చేను గట్టున ఉన్నా వాటికి రక్షణ ఒక్కటే. కనుక మనం అడగవలసిన ప్రశ్న రక్షిత ప్రాంతం ఉన్నదా అన్నది మాత్రమే కాదు. రక్షిత ప్రాణులు ఏవి ఉన్నాయి, అవి ఏ నీటి మీద, ఏ పొద మీద ఆధారపడి ఉన్నాయి అన్నది కూడా.

రెండవది, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమావళి దూరాలను అంకెల్లో చెప్పింది. చెత్త పూడ్చే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, నివాసాలకు, జాతీయ రహదారులకు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరంలో ఉండాలన్నది. వరద ముంపు నేలల్లో, చిత్తడి నేలల్లో, జీవజాలానికి కీలకమైన ఆవాసాల్లో అటువంటి స్థలాలను అనుమతించరాదన్నది. ఇక్కడ చెరువు అన్నప్పుడు తవ్వినదా, సహజమైనదా అన్న భేదం చూపలేదు. విస్తరణలో మనం జాగ్రత్తగా గమనించవలసినది ఇదే. పాత యార్డు చెరువుకు దూరంగానే ఉండవచ్చు. కొత్తగా కలిపే ఎకరాలు ఎటువైపు పోతున్నాయి? కొలత పాత గేటు నుంచి తీశారా, కొత్త కంచె నుంచి తీశారా?

మూడవది రాజ్యాంగం. అడవులను, వన్యప్రాణులను కాపాడడం ప్రభుత్వ కర్తవ్యమని 48ఎ అధికరణం, ప్రాణికోటిపై దయ చూపడం ప్రతి పౌరుని విధి అని 51ఎ అధికరణం చెబుతున్నాయి. ఈ రెండూ 1976లో రాజ్యాంగంలో చేరాయి. మనం మైనారిటీలుగా హక్కులు అడుగుతున్నాము. పౌరులుగా విధిని నిర్వర్తించే చోట కూడా మనమే ముందుండాలి. అప్పుడే మన మాటకు బరువు.

ఇప్పుడు అంచనా వేసే తీరుకు వద్దాము. సాధారణంగా ఈ నివేదికలకు ఒక ఋతువులో, వర్షాకాలం కాకుండా, సమాచారం సేకరిస్తారు. స్థలం చుట్టూ కొన్ని కిలోమీటర్ల పరిధిలో మొక్కల పేర్లు, జంతువుల పేర్లు పట్టికలుగా రాస్తారు. ఈ పద్ధతిలో ఉన్న లోపాన్ని మన కూలీ తల్లులు చదువు లేకుండానే చెప్పగలరు. చీలుముక్కు కొంగ వానలతో గూడు మొదలుపెడుతుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలమంతా ఉండి ఎండలు ముదిరేలోగా పిల్లలతో తరలిపోతాయి. నల్లరేగడి నేల మే నెలలో నోళ్లు తెరుచుకొని పగిలి ఉంటుంది. అప్పుడు వచ్చి చూసినవారికి వాగు కనబడదు, కప్ప కనబడదు, కొంగ కనబడదు. వారు చూసినది నిజమే. చూసిన కాలం తప్పు. కనుక కనీసం ఒక వానాకాలం, ఒక చలికాలం చూడకుండా ఇక్కడ ఆవాసం లేదని రాయడం సమ్మతం కాదని మనం పట్టుబట్టాలి.

ఎవరిని అడిగి రాశారన్నది తరువాతి ప్రశ్న. తెల్లవారకముందే మిరప కోతకు వెళ్లే స్త్రీలు, గొర్రెలను తోలుకొని వాగులు దాటే కాపరులు, చెరువులో వల వేసే యానాది కుటుంబాలు, చెత్తకుప్ప మీద ప్లాస్టిక్, ఇనుము ఏరుకొనే వారు. ఆ నేల మీద ఏ పక్షి ఏ నెలలో వస్తుందో, నక్కల బొరియలు ఎటున్నాయో, వాన పడితే నల్లనీరు ఎటు పారుతుందో వీరికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వీరి మాట నమోదు కాని నివేదిక సగం నివేదికే. పాత ఇనుము కొట్లలో, చిత్తుకాగితాల వ్యాపారంలో ఉన్నవారిలో మన సమాజపు వారు ఎందరో ఉన్నారు. వారు అక్కడ ఉన్నది కేవలం దయ చూపించుకోవడానికి కాదు, సాక్ష్యం చెప్పడానికి కూడా.

పక్షుల లెక్కలో మోసపోయే మార్గం ఒకటున్నది. దానికి అస్సాం నుంచి ఒక ఉదాహరణ చెబుతాము. గువాహటి నగరపు అంచున దీపోర్ బీల్ అనే పెద్ద మడుగు ఉన్నది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2009లో దానిలో కొంత భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అయినా నగరపు చెత్త చాలా ఏళ్లు దాని ఒడ్డునే, బోరాగావ్ వద్ద పడింది. హర్గిలా అనే పెద్ద కొంగ ప్రపంచంలో అరుదైనది. అది మడుగులో చేపలు వదిలి చెత్తకుప్ప మీద వందలుగా వాలి కుళ్లిన మాంసం తినడం మొదలుపెట్టింది. లెక్క పెట్టేవారికి పక్షులు పుష్కలంగా కనబడతాయి. కాని అది ఆరోగ్యం కాదు, ఆకలి. మాంసంతోపాటు ప్లాస్టిక్, విషం కూడా వాటి కడుపులోకి పోతాయి.

మన దగ్గర కూడా డంపింగ్ యార్డు మీద గద్దలు, కాకులు, పశువుల వెంట తిరిగే తెల్లకొంగలు గుంపులుగా ఉంటాయి. పక్షులు పెరిగాయి కనుక యార్డు వలన నష్టం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోరాదు. కుప్ప పెద్దదయ్యేకొద్దీ గద్దలు, కాకులు, ఊరకుక్కలు పెరుగుతాయి. అవి పక్కచెరువులో గూళ్లలోని గుడ్లను, పిల్లలను తింటాయి. ఒడ్డున పెట్టే గుడ్లు ఒక్కటీ మిగలదు. ఆ కుక్కలే బడికి వెళ్లే మన పిల్లల వెంటపడతాయి. లెక్కించవలసినది ఎన్ని పక్షులు వాలాయన్నది కాదు, ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయన్నది.

దీపోర్ బీల్ నుంచి రెండో పాఠం కూడా ఉన్నది. అభయారణ్యమన్న పేరు ఒక్కటే చెత్తను ఆపలేకపోయింది. హర్గిలాను నిజంగా కాపాడినది గూళ్లున్న గ్రామాల స్త్రీలు. డాక్టర్ పూర్ణిమా దేవి బర్మన్ వారిని కూడగట్టారు. అంతకుముందు అపశకునమని కొట్టివేసిన పక్షిని ఆ తల్లులు ఇంటి బిడ్డలా చూసుకొన్నారు. 2022లో ఐక్యరాజ్యసమితి ఆమెను పర్యావరణ పురస్కారంతో గౌరవించింది. మన సోదరీమణులు ఈ సంగతిని మనసులో ఉంచుకోవాలని కోరుతున్నాము.

ఇక నేల విషయం. చెత్తకుప్ప నుంచి నల్లని ఊట కారుతుంది. తడిచెత్త కుళ్లి, వాననీరు కలిసి, బ్యాటరీలు, రంగులు, మందుల అవశేషాలను తనలో కరిగించుకొని దిగే నీరు అది. అది నేలలోకి ఇంకకుండా అడుగున 90 సెంటీమీటర్ల మేర గట్టి బంకమట్టి, దానిపైన 1.5 మిల్లీమీటర్ల మందపు ప్లాస్టిక్ పొర వేయాలని 2016 నియమావళి చెప్పింది. నల్లరేగడి మాత్రం తడిస్తే ఉబ్బి, ఎండితే చీలే నేల. ఏటా ఉబ్బి చీలే నేల మీద పరచిన పొర ఎన్నాళ్లు చెక్కు చెదరకుండా ఉంటుందో ఇంజనీర్లు లెక్క చూపాలి. పాత కుప్పల కింద చాలాచోట్ల అసలు పొరే లేదు. కనుక విస్తరణ కోరేవారు ముందుగా పాత కుప్ప కింది ఊట ఎంతదూరం పోయిందో చూపించాలి. ఎగువ బావిలో, దిగువ బావిలో నీరు తీసి పరీక్షించి ఫలితాలను బహిరంగంగా పెట్టాలి. నల్లమలలో పుట్టి ప్రకాశం మైదానాన్ని తడుపుతూ సముద్రంలో కలిసే గుండ్లకమ్మలోకి చేరే వాగులు ఎన్నో ఉన్నాయి. వాగు పక్కన పడిన చెత్త ఆ ఊరితో ఆగదు. అదే గాలిలో కుప్ప తగలబడిన పొగ, బూడిద కల్లాల్లో ఆరబెట్టిన మిరపకాయల మీద పడుతుంది. ఏడాది కష్టం యార్డుకు చేరినప్పుడు ధర కోసిన రైతుకే ఆ బాధ తెలుస్తుంది.

మరి చెత్త ఎక్కడ వేయాలి అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. గుంటూరు నగరపు చెత్తను నగరం వెలుపల కొండవీడు సమీపానికి తరలిస్తున్నారు. అక్కడ చెత్తను మండించి విద్యుత్తు తీసే కేంద్రం 2022లో ప్రారంభమైంది. కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. కుతుబ్‌షాహీల కాలంలో ఆ సీమ ముర్తజానగర్‌గా పేరొందింది. అంతటి చరిత్ర గల కొండల నీడకు నేడు నగరపు చెత్త చేరుతున్నది. మండించినా బూడిద మిగులుతుంది. ఆ బూడిదకూ చోటు కావాలి. ఒక ఊరు వద్దన్న చెత్త మరొక ఊరికి పోవడమే పరిష్కారమైతే, చివరకు అది ఎవరి మాట అందరికన్నా బలహీనమో వారి గుమ్మం ముందు ఆగుతుంది.

తెలంగాణలో ఇటీవల జరిగినది చూడండి. హైదరాబాదు చెత్త చాలా ఏళ్లుగా జవహర్‌నగర్‌కు పోతున్నది. ఆ భారాన్ని పంచడానికి సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలోని ప్యారానగర్ వద్ద, అడవిని ఆనుకొని, కొత్త యార్డు తలపెట్టారు. 2025 ఫిబ్రవరిలో పనులు మొదలుకాగానే నల్లవల్లి, చుట్టుపక్కల గ్రామాల ప్రజలు రోడ్డెక్కారు. అడవి, చెరువులు, కూరగాయల పొలాలు పాడవుతాయని నెలల తరబడి దీక్షలు చేశారు, హైకోర్టుకు వెళ్లారు. వారి ఆందోళన మనకు చెప్పేది ఒక్కటే: యంత్రాలు దిగిన తరువాత అడగడం కష్టం, నివేదిక రాసేటప్పుడు అడగడం సులభం. జవహర్‌నగర్ ప్రజల బాధ మరొకటి చెబుతుంది: మా ఊరికి వద్దు అన్నంత మాత్రాన మన బాధ్యత తీరదు.

ఈ సందర్భంలో మన చరిత్రలోని ఒక సంగతిని గుర్తుచేసుకోవడం అవసరం. ఇస్లాంకు పూర్వం అరేబియాలో బలవంతులైన తెగనాయకులు మంచి పచ్చికబయళ్లను తమ మందలకే కేటాయించుకొని ఇతరులను తరిమివేసేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ పెత్తనాన్ని రద్దు చేశారు. ప్రజలందరి మేలు కోసం మాత్రమే నేలను 'హిమా'గా, అంటే రక్షిత భూమిగా, ఉంచవచ్చునని నిర్ణయించారు. మదీనా చుట్టూ చెట్లు నరకరాదని, వేటాడరాదని హద్దులు ఏర్పరచారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనాకాలంలో రబజా ప్రాంతాన్ని హిమాగా ఉంచి, హునై అనే విముక్త బానిసను దానికి సంరక్షకునిగా నియమించారు. ఆయనకు ఇచ్చిన ఆదేశం బుఖారీ హదీసు సంకలనంలో నమోదై ఉన్నది. దాని సారాంశం ఇది: కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదను లోనికి రానివ్వు. సంపన్నులైన ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌ల మందలను మాత్రం దూరంగా ఉంచు. వారి పశువులు పోయినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు పోతే అతడు బిడ్డలతో వచ్చి నా ముందు నిలబడతాడు.

ఆ ఇద్దరూ సామాన్యులు కారు, ప్రవక్త (స) సహచరులలో అగ్రగణ్యులు. అయినా రక్షిత భూమి వద్ద మొదటి హక్కు పేదవానిదే అయినది. భూమిని కాపాడడం, పేదను కాపాడడం రెండు వేరువేరు పనులు కావని దీని అర్థం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వదిలినా అంచనా కుంటుపడుతుంది. పక్షుల పేరు చెప్పి చెత్త ఏరుకొనే వారిని రాత్రికి రాత్రి వెళ్లగొట్టడం న్యాయం కాదు. వారిని గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నియమావళే స్థానిక సంస్థలను ఆదేశించింది. అలాగే ఉపాధి పేరు చెప్పి చెరువును బలి ఇవ్వడమూ న్యాయం కాదు.

అయితే ఆచరణలో మనం చేయవలసినదేమిటి?

పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక, దాని సారాంశం స్థానిక భాషలో కూడా కలెక్టరు కార్యాలయంలోను, స్థానిక సంస్థ వద్దను అందుబాటులో ఉంచాలి. సభకు కలెక్టరు గాని, వారి తరఫున ఉన్నతాధికారి గాని అధ్యక్షత వహిస్తారు. వీడియో తీస్తారు. హాజరైన ప్రతి వ్యక్తికీ మాట్లాడే అవకాశం ఉన్నది. ఇంతమంది రావాలన్న కోరం నియమం లేదు. అంటే మనం రాకపోయినా సభ జరిగిపోతుంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాయబడుతుంది. మన మౌనం కూడా నమోదవుతుందని మరువకండి.

కనుక ప్రతి మస్జిద్ కమిటీ నుంచి, ప్రతి బస్తీ నుంచి ఇద్దరు ముగ్గురు ఆ తెలుగు సారాంశాన్ని చదవాలి. వన్యప్రాణుల అధ్యాయం తెరచి చూడాలి. ఏయే నెలల్లో చూశారు? రాత్రివేళ చూశారా? ఏయే చెరువుల పేర్లు రాశారు, ఏవి వదిలారు? స్థానికులలో ఎవరెవరిని అడిగారు? చెరువుకు, బావులకు దూరం ఎక్కడి నుంచి కొలిచారు? పాత కుప్ప కింది నీటి పరీక్ష ఫలితం ఎక్కడ? చెత్తను తగ్గించే మరో మార్గం, మరో స్థలం పరిశీలించారా? ఈ ప్రశ్నలను కాగితం మీద రాసి, సంతకాలతో ఇచ్చి, రసీదు తీసుకోవాలి. నీళ్లు తెచ్చేది, పొగ పీల్చేది ముందుగా స్త్రీలే గనుక వారి నోటితోనే కొన్ని ప్రశ్నలు రావాలి.

జవాబు రాని చోట 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వడం అధికారి బాధ్యత. అనుమతి ఇచ్చేసిన తరువాత దానిని సవాలు చేయదలిస్తే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండలి ధర్మాసనం ఉన్నది. అక్కడ కూడా అప్పీలుకు 30 రోజులే గడువు. తగిన కారణం చూపితే మరి 60 రోజుల వరకు ట్రిబ్యునల్ మన్నించవచ్చు. నిధులు లేవని మున్సిపాలిటీ పారిశుద్ధ్యం నుంచి తప్పించుకోజాలదని రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు 1980లోనే తేల్చి చెప్పింది.

ఈలోగా మన చెరువుల లెక్క మనమే రాసుకొందాము. ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి శుక్రవారం ఉదయం ఊరి చెరువు వద్ద ఏ పక్షులు కనబడ్డాయి, ఎన్ని, గూళ్లున్నాయా, నీటి రంగు ఎలా ఉన్నది అని తేదీతో సహా మన పిల్లలు రాయాలి. ఫోనులో తీసిన చిత్రం జతచేయాలి. సంవత్సరం పాటు నిండిన ఆ పుస్తకం, కొన్ని రోజుల్లో తయారైన పట్టిక ముందు బలమైన సాక్ష్యం. ఖబ్రస్తాన్లలో, దర్గా తోటల్లో ఉన్న పాత చింత, వేప, రావి చెట్ల మీది గూళ్లను కూడా అందులో చేర్చండి. అవి మన అజమాయిషీలో ఉన్న ఆవాసాలు.

చివరగా మన ఇంటి మాట. ఖుర్బానీ రోజున వ్యర్థాలను బస్తీ కమిటీలే ఒకచోట చేర్చి మున్సిపాలిటీ బండికి అప్పగించాలి, లేదా లోతుగా పూడ్చాలి. కోళ్ల దుకాణాల వ్యర్థాలు కాలువలోకి, చెరువు కట్ట మీదికి పోకూడదు. వలీమా విందుల్లో మిగిలిన అన్నం, ప్లాస్టిక్ గ్లాసులు ఒకే సంచిలో కలవకూడదు. తడిచెత్త, పొడిచెత్త ఇంటి వద్దనే వేరు చేస్తే కుప్పకు చేరేది ఎంతో తగ్గుతుంది. కుప్ప తగ్గితే విస్తరణ కోరే కారణమే బలహీనపడుతుంది. చెరువు కోసం వాదించేవాని చేతులు శుభ్రంగా ఉండాలి.

సోదర సోదరీమణులారా, గూడబాతుకు ఓటు లేదు. అర్జీ రాయడం తెలియదు. కాని అది వాలిన చెరువులో నీరు ఇంకా బతికే ఉన్నదని మనకు చెప్పే సాక్షి అది. ఆ సాక్షి మాట నివేదికలో లేకపోతే మన మాట కూడా అందులో లేనట్లే. ఈ మైదానంలో హిందువు, ముస్లిం, క్రైస్తవుడు, దళితుడు, యానాది ముంచుకొనేది ఒకే చెరువు. కనుక ఈ పనిలో అందరినీ కలుపుకొని నడుద్దాము. మనకు అప్పగించిన నేలను, నీటిని అమానతుగా భావించి కాపాడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.